ఎన్ని తలుపులు, ఎన్ని పొయ్యిలు

అఫ్జల్‌గంజ్ దగ్గర బస్సు మూసీ వంతెన ఎక్కగానే కిటికీలోంచి నది కంపు గుప్పుమంటుంది. పక్కవాళ్లు కొంగులూ కర్చీఫులూ ముక్కుకు అడ్డం పెట్టుకుంటారు. నాకు మాత్రం యాదగిరి సార్ గుర్తొస్తారు. ఈ ఊళ్లోనే కార్వాన్ వైపు మనిషి, సర్కారు సర్వే ఆఫీసులో నా మొదటి పై అధికారి. ఈ నదికి ఆ ఒడ్డున అంత కలిమి, ఈ ఒడ్డున, మొఘల్‌పురా వైపు, ఇంత లేమి ఎందుకని నేను తొలి రిపోర్టు రాసింది ఆయన దగ్గరే.

అది ఉత్త కాగితం కాదు. మొఘల్‌పురా వెనక ఒక బస్తీలో ఏడో తరగతితో ఆగిపోయే బడిని పది దాకా పెంచాలా, ఆ డబ్బుతో కుటుంబ నియంత్రణ శిబిరాలు పెట్టాలా అన్నది పైవాళ్లు మా సర్వే చూసి తేల్చాలి. నేను వారం తిరిగాను. ఇంటికి పదిమంది, పద్నాలుగు మంది. పెద్ద కుటుంబాలే ఇక్కడి పేదరికానికి కారణమని ఒక్క వాక్యంలో తేల్చేసి, నా తెలివికి నేనే మురిసిపోయాను. సార్ సెలవులో ఉంటే ఆయన కోసం ఆగకుండా పైకి పంపించేశాను కూడా.

తిరిగొచ్చాక సార్ నకలు చదివారు. కోప్పడలేదు. నన్ను వెంటబెట్టుకుని, పద్నాలుగు మంది ఉన్నారని నేను రాసిన రజియా బేగం ఇంటికి నడిచారు. మగ్గం మీద చీరలకు జరీ పని చేసే ఆవిడ. ఆమె కూతురు నజ్నీన్ ఏడో తరగతి. మాకు చాయ్ ఇచ్చి, వచ్చే ఏడు ఎనిమిదో తరగతి వస్తుందా అని సార్‌నే అడిగింది. వంట ఎక్కడ చేస్తారని సార్ రజియాను అడిగారు.

"ఘర్ ఒకటే సాబ్, చూల్హాలు మూడు. మా మరుదులది ఎవరిది వాళ్లదే" అందామె.

ఒక పొయ్యి మీద వండుకుని తినేవాళ్లే ఒక కుటుంబం. మాకు శిక్షణలో మొదటిరోజు చెప్పేది అదే.

"నువ్వు తలుపులు లెక్కవెట్టినవు సుజాతా, పొయ్యిలు లెక్కవెట్టలే" అన్నారు సార్, గడప దాటి బయటికొచ్చాక.

ఫైలు వెనక్కి తెప్పించి, మళ్లీ గడప గడపా తిరిగాం. పొరపాటు తనదేనని సార్ రాసిచ్చారు, వద్దంటే వినలేదు. కొత్త లెక్కలోనూ అక్కడి కుటుంబాలు ఆ ఒడ్డువాటి కంటే కాస్త పెద్దవే. బడి రావాలన్న ఆత్రంలో ఆ ముక్క తీసేద్దామన్నాను. ఉన్నది ఉన్నట్టు రాయమని, ఎందుకుందో కూడా అడగమని సార్ పంపించారు. అడిగితే తెలిసింది. పై తరగతుల బడికి రెండు బస్సులు మారాలి. ఆడపిల్లలు ఏడుతో మానేస్తున్నారు, తొందరగా పెళ్లిళ్లు, తొందరగా పిల్లలు. అయితే తప్పు పెద్ద కుటుంబాలదా, బడి ఇవ్వని రాజకీయానిదా అని వాదనకు దిగాను.

"రెండూ ఉంటయమ్మా. కాని బడి ఏడ కట్టాల్నో పిల్లలు పుట్టంగనే తేలదు. ఎవలో ఒకలు కుర్సీల కూసొని తేలుస్తరు. ఈసారి గా కుర్సీల మనం కూసున్నం" అన్నారు. ఆయన ఆ ఒక్కసారే గట్టిగా మాట్లాడారు.

బడి వచ్చింది. కానీ తిరిగి లెక్కపెట్టడం, ఫైలు మళ్లీ మొదటి బల్ల నుంచి కదలడం, అంతా కలిపి రెండేళ్లు పట్టింది. ఆ కబురు చెప్పడానికి ఇద్దరం వెళ్లేసరికి నజ్నీన్ మగ్గం ముందు కూర్చుని ఉంది. చదువు మానేసి రెండేళ్లయింది. ఇప్పుడు చేరమన్నాను.

"చిన్న పిల్లల పక్కన కూసోవాలంటే షరమ్ అయితది మేడమ్. రెండు సాల్ల కింద వస్తే పోయేదాన్ని" అంది. కోపంగా అనలేదు. సార్ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆ ఆలస్యానికి కారణం నేనేనని, ఏం తప్పు చేశానో పూసగుచ్చినట్టు నజ్నీన్‌కు చెప్పాను. ఆమె సూది ఆపి అంతా విని, మళ్లీ పనిలో పడింది.

సార్ ఇప్పుడు లేరు. నా కింద పనిచేసేవాళ్లు ఏ ప్రాంతం ఎందుకు వెనకబడిందో ఒక్క వాక్యంలో రాసుకొస్తే, ఎవరింట్లో కూర్చుని రాశారని అడుగుతాను. వాళ్లకు నేనంటే విసుగని నాకూ తెలుసు. ఫైల్లో ఆ తప్పు ఇప్పటికీ యాదగిరి సార్ పేరు మీదే ఉంది. అది నాదని నేను కాక తెలిసిన మనిషి ఇక నజ్నీన్ ఒక్కతే.