దబ్బనం మీద గుండీలు

అమీర్‌పేటలో డెమో క్లాసంటే పెళ్లిచూపులే. పిల్లలు తండ్రులతో వచ్చి ఊరికే వింటారు. నచ్చితే చేరతారు, లేదంటే అవే మెట్లు దిగి పక్క బిల్డింగ్ ఎక్కుతారు. అంతకుముందు నా రెండు డెమోలకు ఒక్కడూ చేరలేదు. మూడోది కూడా తేలిపోతే పంజాగుట్టలో నా అద్దె గది ఖాళీ చేసుకోవచ్చని మా కోచింగ్ సెంటర్ యజమాని గారు టీ తాగుతూ నవ్వుతూనే చెప్పారు. అలా నవ్వుతూ చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట.

అందుకే నిద్రలో లేపినా వచ్చే లెక్క ఎంచుకున్నాను. చదరం నాలుగు మూలల్లో నాలుగు సమానమైన బరువులు, ఒక్కోటీ చుక్కంత. బరువు ఎం, చదరం భుజం ఏ. చదరాన్ని ఒక అక్షం చుట్టూ తిప్పాలి. ప్రతి బరువునూ అక్షం నుంచి దానికున్న దూరంతో రెండుసార్లు గుణించి, అన్నీ కలిపితే జడత్వ భ్రామకం. తిప్పబోతే ఆ చదరం ఎంత మొండికేస్తుందో చెప్పే లెక్క, అంతే. నా మొండితనానికి మా అమ్మ దగ్గర వేరే లెక్కుంది.

అక్షాన్ని నడిమధ్యలో నిలువుగా గుచ్చితే జవాబు రెండు ఎం ఏ స్క్వేర్. ఎనిమిదేళ్లుగా అదే చెప్తున్నాను. ఆ రోజు హుషారెక్కువై, అక్షాన్ని ఒక మూల నుంచి ఎదురు మూలకు, కర్ణం వెంబడి గీశాను. చెయ్యి మాత్రం పాత అలవాటు కొద్దీ నాలుగింటికీ ఒకే దూరం వేసి, రెండు ఎం ఏ స్క్వేర్ రాసి, కింద రెండు గీతలు కొట్టేసింది. అమీర్‌పేటలో గీతలు కొట్టాక బ్రహ్మదేవుడైనా చెరపకూడదు.

వెనక బెంచీలో, కూతురి పక్కన, బోరబండ దర్జీ ఒకాయన కూర్చున్నాడు. దుకాణం నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, టేపు మెడలోనే ఉంది. నేను లెక్క చేస్తున్నంతసేపూ ఆయన తల వంచుకుని ఏదో కుడుతూనే ఉన్నాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. తీరా చూస్తే, కాలర్‌లో వేసే గట్టి బక్రం ముక్కకి నాలుగు మూలలా నాలుగు గుండీలు కుట్టి, మూల నుంచి మూలకు దబ్బనం గుచ్చి, వేళ్ళతో తిప్పుతున్నాడు. తిప్పి, లేచి నిలబడ్డాడు.

"సార్, గీ రెండు గుండీలు దబ్బనం మీదనే ఉన్నయ్. తిరిగేటియి గా రెండే. నాలుగిటికి లెక్క ఎట్ల కట్టిన్రు?"

బోర్డు కేసి తిరిగి చూశాను. అక్షం మీదున్నవాటికి దూరమే లేదు. ఎంత బరువున్నా వాటి లెక్క సున్నా. అసలు జవాబు నేను రాసినదాంట్లో సరిగ్గా సగం. తలుపు దగ్గర యజమాని గారు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

ఇలాంటప్పుడు వాడే అబద్ధం మా వృత్తిలో ఒకటుంది, అందరం వాడతాం. కావాలనే తప్పు వేశానని, ఎవరు పట్టుకుంటారో చూద్దామనుకున్నానని నవ్వుతూ చెప్పాను.

ఆయన కోప్పడలేదు. "నేను సుత గంతే సార్. జాకెట్ పొట్టిగైతే, గిది కొత్త ఫ్యాషనమ్మా అంట."

గదంతా గొల్లుమంది. సిగ్గేసింది, తర్వాత కోపమొచ్చింది. ఆయన మీద కాదు, ఎనిమిదేళ్లుగా ఆ లెక్కను బట్టీ పట్టి అప్పజెప్పిన వెధవ మీద. డస్టర్ తీసి గీతలతో సహా తుడిచేశాను. తప్పు నాదే, కావాలని చేసింది కాదన్నాను. ఆ బక్రం ముక్క అడిగి తీసుకుని, బెంచీ బెంచీకీ చూపిస్తూ మొదటి నుంచి చేశాను. ఉద్యోగం ఎలాగూ పోయిందనుకున్నాక పాఠం ఎంత బాగా వచ్చిందో.

కింద కౌంటర్ దగ్గర దర్జీ, తప్పు ఒప్పుకున్న సారే ఆఖరిదాకా చెప్తాడా అని అడిగి, కూతురి పేరు రాయించాడట. ఆయన వెనకాల మిగతా తండ్రులూ వరస కట్టారు.

సాయంత్రం యజమాని గారు నా భుజం తట్టారు. "అద్భుతం మాస్టారూ. వచ్చే డెమోలో కూడా ఇదే తప్పు వెయ్యండి. టేపు వేసుకుని వెనక కూర్చోడానికి మనిషిని నేను చూస్తాను."

చూశారు కూడా. తర్వాతి డెమోకి టేపు మెడలో తిరగేసి వేసుకున్న అద్దె దర్జీ ఒకడు వెనక బెంచీలో సిద్ధం. చదరం గీశాను, కర్ణం గీశాను. జేబులో బక్రం ముక్క ఉంది. దబ్బనం మీది రెండింటికీ సున్నాలు వేసి, ఎం ఏ స్క్వేర్ రాసి, రెండు గీతలు కొట్టాను. అద్దె మనిషి పాపం చెప్పినట్టే లేచాడు, లేచి దిక్కులు చూశాడు.

"తప్పు ఏడుంది సార్?"

"లేదన్నా, కూర్చో," అన్నాను. తలుపు దగ్గర యజమాని గారు కళ్ళెర్రజేశారు. చేసుకోనీ.