నోరు కనపడని మాట

నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని ఎవరైనా "నేను బాగానే ఉన్నాను" అంటే నేను నమ్మను. ఎదుటివాళ్లు ఏమనుకున్నా సరే, గుడ్డ తీసి చెప్పమంటాను. ఇది నాకు తొంభైల్లో, నగరిలో, మా ఇంట్లో అంటుకున్న జబ్బు.

మా ముందుగదిలో రెండు మరమగ్గాలు ఉండేవి. ఒకటి నాయనది, ఒకటి అమ్మది. అవి తిరుగుతుంటే చెవి దగ్గర అరిచినా వినపడదు. అందుకని మా ఇంట్లో మాటలన్నీ పెదవులతోనే. గొంతు లేకుండా నోరు కదిపితే అవతలి మగ్గం దగ్గరున్న మనిషికి తెలిసిపోయేది. అక్షరాలకంటే ముందు నాకు అమ్మ పెదవులు చదవడం వచ్చింది. చుట్టాలు వచ్చి కూర్చుంటే, చక్కెర అయిపోయిన సంగతి, వాళ్లు ఎప్పుడు లేస్తారన్న సంగతి వాళ్ల ముందే మాట్లాడేసుకునేవాళ్లం. కరెంటు పోయి మగ్గాలు ఆగినా అమ్మా నాయనా కాసేపు అలాగే మాట్లాడుకునేవారు. అమ్మ మూతి చూస్తే చాలు, నాయనకు ఆమె మనసు తెలిసేది. ఆయన దగ్గర ఆమె ఏదీ దాచలేకపోయేది.

నేను హైస్కూల్లో ఉండగా అమ్మకు దగ్గు పట్టుకుంది. తిరుపతి ఆసుపత్రిలో క్షయ అన్నారు. కొన్నాళ్లు వార్డులో ఉంచుకుని, మాత్రలిచ్చి, ఇంట్లో పిల్ల ఉందని నోటికీ ముక్కుకీ గుడ్డ కట్టుకోమని చెప్పి పంపించారు. ఆమె మగ్గం ఆగిపోయింది. పాత వాయిల్ చీర చింపి మొహానికి బిగించుకుని వెనక వసారాలో ఉండేది.

మాట స్పష్టంగానే వినపడేది. మాకే వినడం చేతకాలేదు. ఆమె కళ్లు చిట్లిస్తే నవ్విందో, నొప్పి ఓర్చుకుందో తెలిసేది కాదు. నవ్విందనుకుని నేనూ నవ్వేదాన్ని. ఆ కళ్లు ఇప్పటికీ కలలోకి వస్తాయి. ఇప్పుడూ నాకు తెలియదు.

కరెంటు లేని ఒక పొద్దున నాయన వసారా గడపలో నిలబడి అడిగాడు.

"రక్తం పడతా ఉండాదా?"

"లేదు. తగ్గిపోయింది."

"గుడ్డ తీసి సెప్పు."

"బిడ్డ ఈడనే ఉండాది కదా. తీయకూడదని సెప్పినారు."

"బిడ్డను బయటికి పంపిస్తా. ఒక్కసారి తియ్యి."

"కరెంటొచ్చింది సూడు. పో, మగ్గం సూసుకో."

ఆయన కాసేపు ఆ గుడ్డ వైపే చూసి వెళ్లిపోయాడు. అమ్మకు ఆ వార్డంటే ప్రాణభయం. పక్క మంచం మీది మనిషి అయినవాళ్లెవరూ దగ్గర లేకుండానే కన్నుమూయడం చూసి వచ్చింది. నిజం చెబితే మళ్లీ అక్కడికే తీసుకుపోతామని ఆమెకు తెలుసు. పెళ్లయ్యాక మొదటిసారి ఆమె నాయనకు అబద్ధం చెప్పగలిగింది. నెత్తురు తుడిచిన గుడ్డలు దొడ్లో పూడ్చిపెట్టుకున్న సంగతి మాకు తర్వాత తెలిసింది. నాకు ఆమె మీద ఇప్పటికీ కోపమే.

ఆ ఏటి వానల్లోనే అమ్మ పోయింది. మధ్యాహ్నం అన్నానికి లేపబోయి నేనే చూశాను. నా కేక వినపడదు కాబట్టి ముందుగదిలోకి పరిగెత్తి నాయనకు మొహం చూపించాను. మగ్గం ఆపకుండానే వచ్చాడు. గుడ్డ విప్పాడు. అమ్మ నోరు కొంచెం తెరుచుకుని ఉంది. ఆయన దాని మీదికి వంగి, మగ్గం అవతల నుంచి చూసేటట్టే, రెప్ప వేయకుండా చూశాడు. ఎంతకీ లేవలేదు. నేను భుజం పట్టుకుంటే తల తిప్పి, గొంతు లేకుండా, పెదవులతోనే అన్నాడు.

"నువ్వు సూడు పాపా. ఏమంటా ఉండాదో నాకు తెలస్తా లేదు."