నూకరాజు మావయ్య దిగిన నీళ్ళు

రాయపూర్ టాటీబంధ్ చౌరస్తాలో ఆంధ్రా నుంచి వచ్చిన చేపల లారీ పక్కన నా స్కూటీ ఆగిందంటే, పెట్టెల్లోంచి మంచు కరిగి రోడ్డు మీదికి కారే ఆ నీళ్ళ వాసనకి ఇప్పటికీ పచ్చలైటు పడ్డా బండి తీయడం మరిచిపోతాను. ఎటు వెళ్ళినా రైల్లో ఒక రాత్రి గడిస్తే తప్ప సముద్రం కనపడని ఊరు మాది. అయినా నా చిన్నతనమంతా సముద్రం కబుర్ల మధ్యే గడిచింది.

నాన్నది రైల్వే ఉద్యోగం. రాయపూర్‌లో రెండు గదుల క్వార్టర్‌లో అమ్మా, నాన్నా, నేనూ, తమ్ముడూ, అమ్మమ్మా ఉండేవాళ్ళం. అమ్మమ్మ శ్రీకాకుళం తీరంలో పుట్టి పెరిగిన మనిషి. తాతయ్య పోయాక అమ్మ తన దగ్గరికి తెచ్చుకుంది. అమ్మమ్మకి ఒక్కగానొక్క కొడుకు నూకరాజు మావయ్య మాల్దీవుల్లో చేపల పడవ మీద పనిచేసేవాడు. ఏటా ఎండాకాలంలో వచ్చేవాడు. కూలర్‌లో తడిసిన గడ్డి వాసన, మంచం కింద పరిచిన మామిడిపళ్ళ వాసన, వాటి మధ్యలో మావయ్య సంచి విప్పగానే గుప్పున లేచే పొగబెట్టిన సూర చేప వాసన, ఈ మూడూ కలిస్తేనే నాకు వేసవి సెలవులు. కొయ్యముక్కలా గట్టిగా ఉండే ఆ ట్యూనా చేపని అమ్మమ్మ కత్తిపీట మీద పెచ్చులుగా చెక్కి చింతపండు పులుసులో వేసేది. పక్క క్వార్టర్ ఆంటీ ధడాలున కిటికీ మూసుకునేది.

మధ్యాహ్నం వడగాలికి తలుపులు బిగించుకుని, నీళ్ళు చల్లిన గచ్చు మీద బోర్లా పడుకుని మేం వింటుంటే, మావయ్య ఆ దేశం గురించి చెప్పేవాడు. దేశమంతా పిడికెడు పిడికెడు దీవులేనట. వరి పండదు, బియ్యం ఓడలో రావాలి, ఉన్న సిరి అంతా సూర చేపేనట. తెల్లవారకముందే పగడపు దిబ్బల దగ్గర చిన్న చిన్న చేపల్ని ఎర కోసం పట్టి, పడవ మధ్యలో నీళ్ళు నింపిన అరలో బతికించి ఉంచుతారట. సూర గుంపు కనపడగానే ఆ ఎరని సముద్రంలోకి చల్లుతూ, గొట్టాలతో నీళ్ళు చిమ్ముతుంటే, ఆ తుంపర్లని చూసి చిన్న చేపలే ఎగురుతున్నాయనుకుని సూరలు పిచ్చెక్కినట్టు మీదికొస్తాయట. పడవ వెనక వరసగా నిలబడ్డ మనుషులు గేలం కర్ర ఎత్తితే చేప వాళ్ళ తల మీదుగా ఎగిరొచ్చి, కొక్కేనికి ముల్లు ఉండదు కాబట్టి, తనంతట తనే ఊడి పడుతుందట. పట్టినదాంట్లో కొంత మంచులో పెట్టి తీసుకుపోయే ఓడలకి, కొంత డబ్బాల్లో పెట్టే ఫ్యాక్టరీలకి, మిగిలింది ఆడవాళ్ళు ఉడకబెట్టి పొగబెట్టే ఇళ్ళకి పోతుందట.

"సూడమ్మీ, అక్కడ సూరకి వలెయ్యరు. ఒక మనిసి, ఒక గేలం, ఒక సేప," అనేవాడు మావయ్య. చీపురుకర్రకి తాడు, తాడు చివర నాన్న హవాయి చెప్పు కట్టి, మంచాన్ని పడవ చేసి చూపించేవాడు. ఒకసారి ఆ చెప్పు ఎగిరెళ్ళి అమ్మ కలిపి పెట్టిన వడియాల పిండిలో పడింది.

మావయ్య పని మాత్రం గేలం కాదు. ఎర వల దించినప్పుడు కిందికి మునిగి, చిన్న చేపల్ని అందులోకి తోలడం. అమ్మమ్మకి అది మింగుడుపడేది కాదు.

"ఇన్ని పనులుండగా నీకు మునిగే పనే దొరికిందేట్రా?"

"నీటిలో పుట్టినోడినే కదేటమ్మా," అని నవ్వేసేవాడు.

నేను ఆరో క్లాసులో ఉండగా ఎండాకాలం వచ్చింది, మావయ్య రాలేదు. తొలి వానలకి ఫోన్ వచ్చింది. నాన్న విని, ఫోన్ పెట్టేసి, అమ్మమ్మ మంచం దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు. కొన్నాళ్ళకి మావయ్యతో పనిచేసిన ఎర్రయ్య అతని బట్టల సంచి తీసుకుని రైలు దిగి ఇంటికొచ్చాడు. అమ్మమ్మ ఎదురుగా కూర్చున్నాడే కానీ తల ఎత్తలేకపోయాడు.

"ఎర కోసం దిగినాడు పెద్దమ్మా. దీవుల మద్దిన నీరు లాగేస్తాది. వల పైకొచ్చింది. రాజు రాలేదు."

అమ్మమ్మ ఏడవలేదు. "ఆవేళ సేప పడిందేటి?" అని అడిగింది.

"అమ్మా!" అంది అమ్మ, తట్టుకోలేక.

ఎర్రయ్య తల ఎత్తాడు. "లేదు పెద్దమ్మా. గేలం ఎవుడూ ముట్టుకోలేదు. పట్టిన ఎర కూడా నీటిలో ఒదిలేసినాం. సుట్టూ దీవుల పడవలన్నీ ఏట మానేసి ఈడినే ఎతికినాయి. దొరకలేదు."

అమ్మమ్మ తల ఊపింది. "మంచోళ్ళే," అంది. చేప పడే వేళ మనిషి కోసం ఆగని పడవల్ని ఆవిడ చూసి ఉంటుందని నాకు పెద్దయ్యాక తోచింది.

కర్మ చేయిద్దామని నాన్న అంటే అమ్మమ్మ ఒప్పుకోలేదు. "కంటితో సూడకుండా ఎలాగ బాబూ?" అంది. ఆ తర్వాత మా ఇంట్లో సముద్రం చేప పొయ్యెక్కలేదు. ఆదివారాలు ఆరంగ్ వైపు నుంచి ఒకామె తట్టతో వచ్చి, "లే దాయీ, మహానదీ కే మఛరీ," అని, మహానది చేపలు తీసుకో అమ్మా అని కేకేస్తే, అమ్మమ్మ లేచి వెళ్ళి, మొప్పలు విప్పి చూసి తీసుకునేది. ఒకసారి నేను ముద్ద నోట్లో పెట్టుకోలేక కంచం ముందు కూర్చుంటే, నా వీపు నిమిరింది.

"తిను అమ్మీ. ఇది నది సేప. దీనికి మన నూకరాజు తెల్దు."

తిన్నాను. కానీ అప్పటిదాకా నా మనసుకి రాని సంగతి, సముద్రం చేపలకి మావయ్య తెలిసుంటాడన్నది, ఆ మాటతో వచ్చి కూర్చుంది. పెరట్లో సిమెంటు తొట్టి నిండుతున్న చప్పుడు వింటే ఎవరో ఇంకా పైకి రాలేదనిపించేది. తమ్ముడు సరదాకి బకెట్లో తల ముంచితే, వాడు తీసేదాకా నేనూ ఊపిరి బిగబట్టేదాన్ని.

అమ్మమ్మ పోయి చాలా కాలమైంది. మా క్వార్టర్ల వరస కూల్చేశారు. "అమ్మీ" అని పిలిచే గొంతు ఈ ఊళ్ళో ఇప్పుడు ఒక్కటీ లేదు. నా పిల్లలకి తెలుగులో సగం మాటలు హిందీలో చెబితేనే తెలుస్తాయి. మాల్దీవులంటే వాళ్ళకి సెలవులకి వెళ్ళే చోటు.

మొన్న శంకర్ నగర్‌లో మా ఆఫీసులో కొత్తగా పెళ్ళయిన అమ్మాయి అక్కడి ఫోటోలు తెచ్చి చూపించింది. "దీదీ, పానీ ఇత్నా సాఫ్ హై, నీచే తక్ దిఖ్తా హై," అంది, నీళ్ళు ఎంత తేటంటే అడుగు దాకా కనిపిస్తుందని మురిసిపోతూ. ఫోన్ నా చేతికిచ్చింది. నేను వేళ్ళతో ఆ నీళ్ళని పెద్దవి చేసి, ఇంకా పెద్దవి చేసి, అడుగు దాకా చూశాను. తెల్లటి ఇసుక. అంతే.