అమ్మ దాహం

ఇవాళ పొద్దున్న అమలాపురం కొత్త బస్టాండు ప్రారంభోత్సవంలో ఎవరో కొబ్బరి బొండాం కొట్టి చేతికిచ్చారు. ఆ బస్టాండు నమూనా గీసింది నేనే. కత్తి దెబ్బకి మూతి ఎగరగానే వచ్చే ఆ పచ్చి వాసన తగిలితే చాలు, ఎంత పెద్దవాణ్ణయినా అదే ఊరి వీధిలో అమ్మ కుచ్చిళ్ళు పట్టుకుని నిలబడ్డ పిల్లాణ్ణి అయిపోతాను.

నాకు చిన్నప్పుడు ఉబ్బసం. వానలు పట్టి కాలవలు ఎర్రనీళ్ళతో నిండిన దగ్గర్నుంచి, ధనుర్మాసపు మంచు కొబ్బరిమట్టల మీంచి పెంకుల మీద టపటపా రాలే రోజులదాకా నా గుండెల్లో పిల్లికూతలే. ఆయాసం ఎక్కువైనప్పుడల్లా అమ్మ నన్ను చంకనేసుకుని అంబాజీపేట అవతలున్న మా ఊరి నుంచి అమలాపురం డాక్టరుగారి దగ్గరికి బస్సెక్కేది. దారిలో పనసాకుల్లో ఉడికిన పొట్టిక్కలు కొనిపెట్టేది, ఇంజక్షనుకి ఏడవకపోతే గోళీసోడా తాగించేది, నా మూతి తుడిచేది. తను మాత్రం ప్రయాణం రోజున తెల్లారి కాఫీ కూడా ముట్టేది కాదు. అమ్మకి దాహం వెయ్యదు కాబోలనుకునేవాణ్ణి. చుట్టూ గోదావరి పాయలు, గుమ్మంలో అడుగుపెట్టినవాడికి మంచినీళ్ళివ్వకుండా మాటైనా మొదలుపెట్టని మర్యాదలు. అలాంటి సీమలో మా ఆడవాళ్ళంతా ఊరికెళ్ళాలంటే నోరెండబెట్టుకునేవారని, పట్నంలో వాళ్ళకంటూ ఓ మరుగు లేకపోవడమే కారణమని నాకు చాలా ఏళ్ళకి గాని తెలియలేదు. నా ఆయాసం కోసమే ఆవిడ అన్నిసార్లు ఎండిపోయిందన్న సంగతి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆస్పత్రి మలుపులో వెంకన్న బొండాల బండి ఉండేది. మా ఊరి పేటవాడు. మమ్మల్ని చూస్తే మొహం చాటంత చేసుకుని, ఉన్నవాటిలోకి లేతది ఏరి కొట్టేవాడు. అమ్మ ప్రతిసారీ "ఇప్పుడే తాగేను వెంకన్నా" అని తప్పించుకునేది. ఓసారి అతను మనసు కష్టపెట్టుకున్నాడు.

"బాబుగారు తాగుతారు, తమరు మాత్రం తాగరండి. మా చేతి నీళ్ళు పనికిరావేమోనండి" అన్నాడు, కత్తికేసి చూస్తూ.

అమ్మ మొహం కందిపోయింది. మా ఊళ్ళో అలాంటి అంటు పట్టింపున్న ఇళ్ళు లేకపోలేదు, అందుకే కాదని నమ్మించడం మరీ కష్టం. అసలు సంగతి పరాయి మగవాడితో ఎలా చెబుతుంది? "అయ్యో, అదేం మాట! ఇలా ఇయ్యి" అని బొండాం అందుకుని ఆఖరి చుక్కదాకా తాగింది. "ఆయ్, అదండి!" అని వెంకన్న మురిసిపోయాడు.

తిరుగు ప్రయాణంలో కొబ్బరికాయల లారీ ఒకటి వంతెన మీద ఆగిపోయి, మా బస్సు కదల్లేదు. అమ్మ నా చెయ్యి పట్టుకున్న పట్టుకి నాకు ఏడుపొచ్చింది. ఎండ వాలేదాకా ఓర్చుకుని, ఇక ఓర్చలేక, నన్ను పక్కావిడకి అప్పజెప్పి దిగి కొబ్బరితోటలోకి నడిచింది. కిటికీల్లోంచి మగవాళ్ళు తొంగిచూశారు, ఒకడెవడో ఇకిలించాడు. తిరిగొచ్చిన అమ్మ మా ఊరొచ్చేదాకా తలెత్తలేదు. ఆ తర్వాత ఎప్పుడు వెళ్ళినా వెంకన్న బండి కనబడకుండా వెనకసందులోంచి తీసుకెళ్ళేది. తను అనుకున్నదే నిజమనుకుని ఉంటాడు, పాపం.

ఈ వృత్తిలోకి ఎందుకొచ్చావని ఎవరడిగినా ఈ కథే చెబుతాను, అందరూ కళ్ళు తుడుచుకుంటారు. ఇవాళ వేదిక మీదా చెప్పాను. చెప్పనిది ఒకటుంది. మొదట గీసినప్పుడు ఆడవాళ్ళ మరుగుదొడ్లు బస్టాండు ముఖద్వారం పక్కనే, వెలుతురులో పెట్టాను. ముందుజాగా దుకాణాలకైతే అద్దెలొస్తాయన్నారు కట్టించేవాళ్ళు. కాదంటే పని పోతుందేమోనన్న భయంతో నేనే వెనక్కి జరిపాను, స్కూటర్ల షెడ్డు దాటి ప్రహరీ వారగా.

వెంకన్న ఇప్పుడు లేడు. వంతెన పక్క తోట కొట్టేసి వరసగా షాపులు కట్టారు, ఆడమనిషికి చాటుగా ఓ చెట్టయినా ఆ దారిలో మిగల్లేదు.

సభ అయ్యాక అమ్మ జనం మధ్యలోంచి నా దగ్గరికొచ్చి, పదిమందీ వింటుండగా "ఒరే నాన్నా, ఆడోళ్ళకి ఎటేపురా?" అంది. ఆ మాట ఆవిడ బయట నోరు తెరిచి అడగడం నా ఎరుకలో ఇదే మొదలు. కొడుకు గీసిన బస్టాండు కదా అన్న ధీమా.

వెనక్కి తీసుకెళ్ళాను. తలుపుకి తాళం.

"మిగిలిపోయిన టైల్సూ సిమెంటూ ఇందులో పడేసేరండి. తాళంచెవి కంట్రాక్టరుగారు పట్టుకెళ్ళిపోయేరండి" అన్నాడు వాచ్‌మన్.

నేను అమ్మ మొహంలోకి చూడలేకపోయాను. ఆవిడే నా భుజం తట్టింది.

"పోన్లే నాన్నా, నువ్వు మాత్రం ఏం చేస్తావ్? ఇంటికెళ్ళిపోదాం. బండి కాస్త బేగా పోనిమ్మను."