పైలం అన్నప్పుడల్లా

నిరుడు మా అపార్ట్‌మెంట్ మెట్ల మీద జారిపడ్డాను. ఎముకలేవీ విరగలేదు కానీ, ఆ రోజు నుంచి నా కాళ్లకు నేనే సూపర్‌వైజర్‌నయ్యాను. మడమ ముందు, వేళ్లు తర్వాత, బరువు ఇటు, చూపు కిందికి. డెబ్బై ఏళ్లుగా నన్నేమీ అడక్కుండా నడిచిన కాళ్లు ఇప్పుడు ప్రతి అడుక్కీ పర్మిషన్ అడుగుతున్నాయి.

నాతో ఉండే మా అమ్మాయి, "ఇంకోసారి తూలావంటే క్యాంపస్ నడక బంద్. హాల్లోనే తిరుగు" అని తేల్చేసింది. నాకు ఒళ్లు మండిపోయింది. తార్నాకలో కాపురం పెట్టినప్పటి నుంచీ యూనివర్సిటీ చెట్ల కింద నడుస్తున్నదాన్ని, ఇప్పుడు సోఫాకీ టీవీకీ మధ్య పచార్లు చేయాలా?

నడకలో నాకు తోడు లాలాపేట్ నుంచి వచ్చే స్నేహితురాలు. రాయి కనిపిస్తే "పైలం అక్కా", గుంత కనిపిస్తే "పైలం". మా గోదావరి వైపు జాగ్రత్త అంటాం, అంతే తేడా. ఆ మాట చెవిన పడగానే నా మోకాళ్లు బిగుసుకుపోయేవి. అప్పటిదాకా బాగా నడిచేదాన్ని కాస్తా తూలేదాన్ని. రాయి తగలకుండానే మాట తగిలి తూలడమేమిటో నాకు అంతుపట్టేది కాదు.

ఒకరోజు వంటల మీద మాట మళ్లింది. "పప్పుచారుల బెల్లమేంది అక్కా? పాయసం జేస్తున్నవా ఏంది?" అంది. నాకు రోషం వచ్చింది. బెల్లం ముక్క పడకపోతే అది పప్పుచారే కాదని వాదిస్తూ వాదిస్తూ చూసుకుంటే, రోజూ నేను ఆగి ఆగి దిగే లైబ్రరీ వెనక మెట్లు ఎప్పుడో దాటేశాం. ఎలా దిగానో నాకే తెలియదు.

అప్పటి నుంచి అదో సరదా పట్టుకుంది. కావాలనే కాళ్ల గురించి ఆలోచించి చూసేదాన్ని, తూలేదాన్ని. కబుర్లలో పడితే సాఫీగా సాగేది. అలాగని మరీ పరాకుగా ఉంటే దారికడ్డంగా పడ్డ కొమ్మ కనిపించదు. దారి చూసే పని కళ్లకు అప్పగించి, కాళ్లను వాటి మానాన వదిలేయాలని అర్థమైంది. పైలం అనొద్దని బతిమాలితే ఆవిడ నవ్వింది. "పోయేటోళ్లకు అందరికీ అంటం గదక్కా, గది ఉత్త మాట." ఆవిడ దీవెనలా అనేది, నాకేమో హుకుంలా వినపడేది.

మొన్న ఆదివారం ఆవిడ రాలేదు. నా నడక ఎలా ఉందో చూస్తానని అమ్మాయి వచ్చింది. లైబ్రరీ వెనక మెట్ల దగ్గర నా పాదాలనే చూస్తూ, "జాగ్రత్తమ్మా!" అంది. కాలు గాల్లోనే ఆగిపోయింది. గభాలున రెయిలింగ్ పట్టుకున్నాను. దాని మొహం చూస్తే నా నడకకు నూకలు చెల్లినట్టే అనిపించి భయమేసింది.

"జాగ్రత్త అనకు. ఏదైనా అడుగు."

"ఏం అడగను?"

"ఏదో ఒకటి."

"నాన్నని మొదటిసారి ఎక్కడ చూశావు?" అంది. ఇన్నేళ్లలో ఎప్పుడూ అడగలేదు.

"ఈ క్యాంపస్‌లోనే. నా సైకిల్‌ని తనదే అనుకుని, తాళం రావట్లేదని చెమటలు కక్కుతున్నారు మీ నాన్న..."

చెప్పుకుంటూ పోయాను. వెనక్కి తిరిగేసరికి నేను కింద ఉన్నాను, అది ఇంకా పైమెట్టు మీదే ఉంది. దాని చూపు నా కాళ్ల మీద లేదు.

"తర్వాత?" అంది.

"మిగతాది రేపు నడుస్తూ చెప్తా" అన్నాను.