ట్రామ్ లెక్కలో ఖాళీ గడి

నెల్లూరు టౌన్లో ట్రామ్ తిప్పాలనుకుంటున్నారని ఇంట్లో చెబితే మా ఆయన పడీపడీ నవ్వినాడు. వస్తుందో రాదో నాకు మాత్రం ఏం తెలుసు? కానీ పట్టాలు పడకముందు కాగితం మీద గీత పడాల గదా. ఆ గీతలు గీసే ఆఫీసులో పదహారేళ్ళుగా పనిచేస్తున్నా. రోడ్డు సర్వే అయినా, కొత్త బైపాస్ అయినా సారు ముందు నన్నే పిలిచేవాడు. ఆ పిల్ల వచ్చేదాకా.

ఆ పిల్లది తోటపల్లి గూడూరు అవతల, సముద్రం ఒడ్డున ఒక పల్లె. వాళ్ళమ్మ రోజూ తెల్లారేసరికి చేపల గంపతో టౌనుకొస్తుంది. ఆ గంప మోస్తూనే పిల్లను ఇంజనీరింగ్ చదివించింది. మాది విడవలూరు వైపు, వరి పండించే ఇల్లు. నా చిన్నప్పుడు చేపలమ్మ వస్తే వాకిలి బయటే నిలబెట్టి బేరమాడేవాళ్ళం. అట్టాంటి ఇంటి పిల్ల నా పక్క కుర్చీలో కూర్చోని, నాకంటే ముందు సారుకు జవాబు చెబుతుంటే నాకెట్టుంటుంది? దాచుకోవడమెందుకు, కడుపు మండిపోయింది.

పైగా మర్యాదొకటి. పొద్దున్నే "టిఫిన్ తిన్నారా అక్కా?" అంటుంది. నేను మొహం తిప్పుకుంటే విన్లేదనుకోని మళ్ళీ అడుగుతుంది. కాస్త పొగరన్నా ఉండుంటే బాగుండేది, తిట్టుకోడానికి ఒక వంకైనా దొరికేది.

ట్రామ్‌కి నేను గీసిన దారి తిన్నగా ఉంటుంది. రైల్వే స్టేషన్ దగ్గర మొదలై, మార్కెట్ ముందు నుంచి, ఆసుపత్రుల వీధి మీదుగా హైవే దాకా. మూడు వారాలు కూర్చోని గీసినా. సారు చూసి "బాగుందమ్మా" అన్నాడు. అంతలో ఆ పిల్ల లేచి, "సార్, మొదట్లో కొంచెం తూర్పుకు వంచితే?" అనింది.

తూర్పున, సముద్రం రోడ్డు టౌన్లోకొచ్చే చోట ఒక కూడలి ఉంది. ఒడ్డు పల్లెల ఆడవాళ్ళు వాళ్ళ పల్లె ఆటోల్లో వచ్చి అక్కడ దిగుతారు, అవి టౌన్లోకి రావు. చేపల నీళ్ళు కారతాయని అక్కణ్ణించి టౌను ఆటోలవాళ్ళెవరూ వాళ్ళను ఎక్కించుకోరు. గంపలు నెత్తిన పెట్టుకోని మార్కెట్ దాకా నడవాల్సిందే. ట్రామ్ ఆ కూడలి మీదుగా పోతే గంపలతో సహా ఎక్కి మార్కెట్ ముందర దిగొచ్చు, అదీ ఆ పిల్ల ఆలోచన.

"మా అమ్మకు మోకాళ్ళు అరిగిపోయినాయి సార్. ఆ నడక ఇంక నావల్ల కాదు, వ్యాపారం మానేస్తానంటోంది. ఆమొక్కతే కాదు, సగం మంది అదే మాట," అనింది.

సారు పెన్సిల్ తీసుకోని ఆ వంపు తానే గీసినాడు. "ఆలోచనంటే ఇది గదా!" అన్నాడు. పదహారేళ్ళలో ఆ మాట నన్ను ఒక్కసారంటే ఒక్కసారి అన్నాడా ఆయన? ఆ పూట నాకు అన్నం సయించలేదు. తర్వాత సారు తేల్చి చెప్పినాడు. కూడలి దగ్గర ఒక పొద్దున మనుషుల్ని లెక్కపెట్టాల. జనముంటే దారి వంచుదాం, లేకుంటే తిన్నగానే పోదాం.

లెక్కపెట్టే వంతు ఆ పిల్లదే. ఆ రోజు తెల్లవారకముందే నాకు ఫోన్ చేసి ఏడ్చింది. "మా తాత పోయినాడక్కా. నా బదులు మీరు నిలబడతారా? ఇంకెవర్నీ అడగలేను." సరేనని పోయినా.

కూడలిలో టీ బంకు పక్కన లెక్క కాగితం, అట్ట పట్టుకోని నిలబడినా. ఆరయింది, ఏడయింది, ఎండెక్కింది. ఒకటీ అరా తప్ప గంపలు రాలే. టీ బంకాయన్ని అడిగితే, "ఈ రోజు యాడొస్తారమ్మా? పల్లెలో పెద్దాయన పోయినాడంట. శవం లేచిందాకా అక్కడ పడవ దిగదు, గంప లేవదు. చుట్టుపక్కల పల్లెలన్నీ వాళ్ళ చుట్టాలే," అన్నాడు.

ఆ మాటకు నాకు జాలి కలగాల. కలగలేదు. అబ్బ, లోపల ఎంత చల్లగా అయిందో! మా లెక్క కాగితంలో చివర గమనికలకని ఒక గడి ఉంటుంది. వానపడినా, బంద్ జరిగినా, ఆ రోజు మామూలుగా లేకపోతే అందులో రాయాల. రాస్తే ఆ లెక్క చెల్లదు, ఇంకో రోజు పెట్టాల్సిందే. కొత్తగా చేరినోళ్ళకు ఈ సంగతి నేర్పేదే నేను. పెన్ను ఆ గడి మీద పెట్టినా. తీసేసినా. కింద సంతకం చేసి ఆఫీసుకు పోయినా.

కర్మలన్నీ అయ్యి ఆ పిల్ల తిరిగొచ్చిన రోజే మీటింగ్. సారు కాగితం తిప్పి, "పట్టుమని పదిమంది లేరు గదమ్మా," అన్నాడు. ఆ పిల్ల కాగితం అందుకోని తేదీ చూసింది.

"సార్, ఇది మా తాత పోయిన రోజు. ఆ రోజు మావాళ్ళు గంపెత్తరు. అక్కకు మా కట్టుబాటు తెలీదు. ఫోన్లో నేనే చెప్పాల్సింది, ఏడుపులో మర్చిపోయినా. తప్పు నాదే."

"ఇప్పుడా చెప్పేది? రిపోర్టు ఈ సాయంత్రం పోవాల!" అని సారు అందరి ముందూ ఆ పిల్లను కడిగేసినాడు. నేను నోరు తెరవాల్సింది అప్పుడే. తెరవలేదు. పైగా, తప్పు నాదే అని అంత తేలిగ్గా అనగలిగిందే అని దానికీ కుళ్ళుకున్నా. నా తిన్నని గీతే రిపోర్టులో పోయింది, కింద నా పేరుతో.

రెండ్రోజుల తర్వాత మధ్యాహ్నం వాళ్ళమ్మ ఆఫీసుకొచ్చింది. మెట్ల దగ్గర మోకాలు పట్టుకోని నిలబడింటే ఆ పిల్ల పరిగెత్తి పోయి గంప దించింది. వాళ్ళమ్మ నన్ను రమ్మని పిలిచింది.

"నా బిడ్డ కోసరం ఎండలో నిలబడినావంట గదమ్మా. నీకని పండుగప్ప పక్కన పెట్టినా, ఎవురడిగినా అమ్మలే," అని ఆకులో చుట్టిన చేపను చూపించింది. అంతలోనే అడిగింది. "ఆ బండి మా కూడలి కాడికి రాదంట గదా. ఎందుకని రాదమ్మా?"

"అక్కడ ఎక్కేవాళ్ళు లేరని లెక్కలో ఉంది."

"ఎట్టుంటాం తల్లీ, మా ఇంట్లో శవాన్ని పెట్టుకోని? పాపం, నీకు తెలీదు గదా."

పక్కనే ఆ పిల్ల నిలబడి ఉంది.

"తెలుసు," అన్నాను. "టీ బంకాయన అప్పుడే చెప్పినాడు. తెలిసే రాయలేదు."

ఆమె చేపను మళ్ళీ గంపలో పెట్టి, గుడ్డ చుట్ట నెత్తిన సర్దుకునింది. ఆ గంప ఒక్కరే ఎత్తుకోలేరు, ఎదుటి మనిషి ఒక చెయ్యెయ్యాల. నేను వంగినా.

"నువ్వొద్దులేమ్మా," అనింది.