కిటికీ మీద పడిన గోడ

గోడ గీశాను, గది రాలేదు.

మా హాలును ల్యాప్‌టాప్‌లో ఇంటి ప్లాన్లు గీసే యాప్‌లో గీసుకుని, దాన్ని రెండు చేస్తూ అడ్డంగా ఒక గోడ పెట్టాను. ఆ యాప్‌లో గోడలు నాలుగు వైపులా కలిస్తే లోపలి నేల దానంతట అదే రంగు మారి, మీద 'గది' అని పడుతుంది. కలవకపోతే ఉత్త గీతలే. నా కంటికి అన్నీ కలిసే ఉన్నాయి. నేల మాత్రం తెల్లగానే ఉండిపోయింది.

ఆ గది మా పాప కోసం. ఇంకా రెండేళ్లు నిండలేదు. దుమ్ము తగిలితే ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి. నాచారంలో మా ఇల్లంటే ఒక హాలు, ఒక పడగ్గది, వంటిల్లు. పడగ్గదిలో మామయ్య మంచం పట్టారు, బీడీ మాత్రం మానలేదు. అందుకని మేం ముగ్గురం హాల్లో పడుకుంటాం. శుక్రవారం సాయంత్రాలు అదే హాల్లో అత్తమ్మ ప్రార్థన పెడుతుంది. మౌలాలి నుంచీ రామంతాపూర్ నుంచీ ఆడవాళ్లు వస్తారు. అటక మీది మూడు జంఖానాలు దించి, గుమ్మంలో దులిపి, గోడ నుంచి గోడకు పరుస్తారు. ఆ రాత్రి పాప వెల్లకిలా పడుకోలేక, నా భుజానికి ఆనుకుని కూర్చునే నిద్రపోతుంది.

తలుపూ కిటికీ ఉన్న వేరే గదిలో ఉంచమని ఉప్పల్‌లో పిల్లల డాక్టరు చెప్పాడు. గదే ఉంటే ఆయన చెప్పేదాకా ఆగుతామా?

హాల్లో గోడ పెడదామంటే అత్తమ్మ మొదట ఒప్పుకోలేదు. "వచ్చినోళ్లను నెత్తి మీద గూసొవెట్టుకోవాల్నా?" అంది. పాపను రెండోసారి దవాఖానాలో ఉంచి వచ్చాక మెత్తబడింది.

"సరే బిడ్డా, మూడు గాకపోతే రెండు జంఖానాలు. కానీ రెండు నిండుగ పరవాలె. అంచు మడవమంటె మాత్రం ఒప్పుకోను."

ఆమె హాలును అడుగుల్లో కొలవదు, జంఖానాల్లో కొలుస్తుంది. మా ఆయనకు చిన్నప్పుడు జ్వరం తలకెక్కి మాట పడిపోతే మొదలుపెట్టిన ప్రార్థన అది. కొడుక్కి మాట తిరిగొచ్చింది. ఆమె శుక్రవారం ఆపలేదు. దాన్ని తక్కువ చేసి మాట్లాడే ధైర్యం నాకు లేదు.

"ముందు నువ్వు ప్లాన్ గియ్యి, మేస్త్రికి సూపిస్త" అన్నాడు మా ఆయన. ఆయనది ఉప్పల్‌లో ఫోన్లు బాగుచేసే పని. ఆయన టేపు పట్టి "పది పది, మూడు పది" అని చెబుతుంటే నేను ఫోన్లో రాసుకున్నాను.

పాప మధ్యాహ్నం కునుకు తీసినప్పుడల్లా ఆ ప్లాన్‌తో కూర్చున్నాను. మూలను పెద్దది చేసి చూస్తే రెండు గోడల మధ్య సందు కనిపించింది. కొస పట్టి లాగితే గోడ వంకర పోయింది. సందులో చిన్న గోడ ముక్క ఇరికిస్తే అది పక్కదాని మీదికి ఎక్కింది. దాన్ని తీసేయబోతే వంటింటి గోడ కూడా ఎగిరిపోయింది. ఆయనకు ఫోన్ చేశాను.

"హాలు, వంటిల్లు ఒక్కటైపోయినయి."

"మంచిదే గదనే. వండుకుంట టీవీ సూడొచ్చు."

"నవ్వకు. గది వస్తలేదు."

"కర్టెన్ కట్టుకుందాం తియ్యి. దానికి ప్లాన్ గూడ అక్కర్లే."

కర్టెన్ దుమ్మును ఆపదని ఆయనకు తెలుసు. గిరాకీ వచ్చిందని ఫోన్ పెట్టేశాడు.

చివరికి ఒక్కో గోడనూ నొక్కి పొడవు చూశాను. పది అడుగుల పది అంగుళాల గోడ అక్కడ పది అడుగుల ఒక అంగుళం ఉంది. నేను 10.10 అని కొట్టాను. మేస్త్రీ అయినా, ప్లాటు అమ్మేవాడైనా మా దగ్గర అలాగే రాస్తారు: చుక్క ముందు అడుగులు, చుక్క తర్వాత అంగుళాలు. యాప్‌కు మాత్రం చుక్క తర్వాత పది అంటే అడుగులో పదో వంతు, అంటే అంగుళం పైచిలుకు. ఎదుటి గోడను బీరువా అడ్డమొచ్చి రెండు ముక్కలుగా కొలిచాం. ఆ ముక్కలు ఇంకోలా తప్పాయి. ఇక గోడలు ఎలా కలుస్తాయి?

అన్నీ దిద్దాను. మూల మూసుకుంది. నేల లేత నీలం రంగుకు మారి, మీద 'గది' అని పడింది. ఆ మాట చెరిపి పాప ముద్దుపేరు రాశాను.

తర్వాత కిటికీ కొలత దిద్దాను. హాలుకు ఉన్నది ఆ ఒక్క కిటికీయే. మూల నుంచి మూడడుగుల పది అంగుళాల అవతల ఉండాల్సినదాన్ని అదే తప్పుతో మూలకు దగ్గరగా పెట్టాను. ఇప్పుడది తన చోటికి జరిగింది. నేను గీసిన గోడ తిన్నగా వెళ్లి కిటికీ మీద పడింది.

గోడను అత్తమ్మ వైపు ముప్పావు అడుగు జరిపితే కిటికీ మొత్తం పాపకు వస్తుంది, కానీ రెండో జంఖానా అంచు మడవాలి. ఇటు జరిపితే కిటికీ హాలుకు పోతుంది. అప్పుడు పాపకు మిగిలేది గాలి రాని పెట్టె. ఎన్నిసార్లు జరిపినా నేల నీలంగానే ఉంటోంది. యాప్‌కు అదీ గదే.

అత్తమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తుంటే ల్యాప్‌టాప్ పక్కన పెట్టి చూపించాను.

"ముప్పావు అడుగే అత్తమ్మా."

"ఆ ముప్పావడుగుల ముగ్గురు గూసుంటరు. వాళ్లను మెట్ల మీద గూసోమందునా?"

"పాపకు ఊపిరాడాలె కదా."

"పిల్లకు ఊపిరిచ్చేది నీ గోడనా బిడ్డా, ప్రార్థననా?"

కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది. అప్పుడే వచ్చి చెప్పులు విప్పుతున్న మా ఆయన ఇద్దరినీ చూసి "తర్వాత సూద్దాం" అన్నాడు. మా ఇంట్లో ఆ మాట పడ్డాక ఇక దేన్నీ ఎవరూ చూడరు.

శుక్రవారం జంఖానాలు మూడూ దిగాయి. దులపకముందే పాపను చున్నీలో చుట్టుకుని, మందు పొగ పట్టే మిషన్ సంచీ తీసుకుని డాబా మెట్ల మీద కూర్చున్నాను. కిటికీ ఆ మెట్ల పక్కనే. లోపల అత్తమ్మ పాప పేరు చెప్పి, ఈ చిన్న బిడ్డ ఊపిరిని కాపాడు తండ్రీ అంటోంది. దుమ్ము కూడా ఆ కిటికీలోంచే వస్తోంది. పాప తన పేరు విని, నేర్పినట్టుగా "ఆమెన్" అనబోయి దగ్గింది. దగ్గు ఆగలేదు. పిల్లికూతలు మొదలయ్యాయి.

మిషన్ బయటికి తీసి, మందు పోసి, మాస్కు పాప ముఖానికి పెట్టాను. వైరు చేతిలో పట్టుకుని అటూ ఇటూ చూశాను. మెట్ల మీద ప్లగ్గు లేదు. అది హాల్లో ఉంది, మూడో జంఖానా మీద కళ్లు మూసుకుని కూర్చున్నవాళ్ల వెనక.